అత్తమ్మ డబ్బాలో నేను పెట్టని మాత్ర

నాలుగేళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. ఇప్పుడది బరువుగా కూడా అనిపించడం లేదు, తిమ్మిరెక్కిన కాలులా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. అత్తమ్మకు ఏనాటి నుంచో షుగర్, బీపీ. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని తేలాక డాక్టర్ ఇంకో బీపీ మాత్ర కలిపాడు. కొన్నాళ్లకు ఆమెకు పొడి దగ్గు పట్టుకుంది. అప్పుడు మా పాపకు అయిదో నెల. మధ్యాహ్నం అది పడుకునే గంటన్నరే నేను చదువుకునే సమయం. పెళ్లికి ముందు అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకున్న గ్రూప్స్ పరీక్ష మరొక్కసారి రాద్దామని ఆశ. పక్క గదిలో దగ్గు. పాప లేచేది. పుస్తకం మూసేదాన్ని.

ఆ మాత్రతో దగ్గు రావచ్చని ఫోన్‌లో చదివాను. డాక్టర్‌ను అడగవచ్చు. నారాయణగూడలో ఆయన క్లినిక్ ఎంత దూరమని? వాడాల్సిందే అంటాడేమోనని అడగలేదు. వారానికోసారి మాత్రలు డబ్బాలో సర్దేది నేనే. ఆ కొత్త మాత్రను తీసేసి, అత్తమ్మ లెక్కకు తేడా రాకుండా నా విటమిన్ మాత్ర ఒకటి పెట్టాను. పాత బీపీ మాత్ర ఉందిగా అనుకున్నాను. అప్పుడే అనుకున్నానా, తర్వాత కల్పించుకున్నానా?

దగ్గు పోయింది. ఏడు నెలలు హాయిగా చదువుకున్నాను.

ఒక పొద్దున అత్తమ్మ, ఎడమ కంటి ముందు నల్లటి దారాలు తేలుతున్నాయంది. కంటాసుపత్రిలో చూపిస్తే లోపల సన్నటి రక్తనాళం చిట్లిందన్నారు. మా డాక్టర్ బీపీ చూసి ముఖం ముడుచుకున్నాడు.

"మాత్రలు సరిగ్గ వేసుకుంటున్నరా అమ్మా?"

"నా కోడలు ఇస్తది సార్. ఒక్క దినం తప్పదు. నా కొడుకును నమ్ముకుంటే నేను ఎప్పుడో పోతుంటి."

"కొత్త మాత్రతోని దగ్గు గిట్ల వస్తే చెప్పుండ్రి. అదే పని చేసే మాత్ర వేరేది ఉంది."

"ముందుగాల ఉండె సార్. దానంతట అదే పోయింది."

ఆయన నావైపు చూశాడు. తలూపాను. ఆ మాత్ర కిడ్నీకే కాదు, కంటి వెనక నాళాలకూ కొంత కాపుదల అని ఆయన చెబుతుంటే గోడ చూస్తూ విన్నాను.

మర్నాడు మాత్ర తిరిగి పెట్టాను. దగ్గు తిరిగొచ్చింది. డాక్టర్ మందు మార్చాడు. దగ్గు పోయింది. అంత తేలిక. మసకబారిన ఎడమ కంటి చూపు మాత్రం తిరిగి రాలేదు.

పాత షుగర్ కదా, ఎట్లాగూ జరిగేదేమో. మాత్ర ఆపకపోతే ఆ కన్ను దక్కేదా? ఎవరూ చెప్పలేరు. ఇన్నాళ్లూ ఆ తెలియకపోవడం వెనకే దాక్కున్నాను. పరీక్ష రాశాను, ఉద్యోగం రాలేదు. వచ్చి ఉంటే సిగ్గు పెరిగేదో తగ్గేదో, అదీ తెలియదు.

ఇప్పుడు అత్తమ్మ పాపకు జడ వేస్తే పాపిట వంకరగా వస్తుంది.

ఆమెకు చెప్పే ధైర్యం నాకింకా లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఆ మాత్ర నేనే ఆపాను. ఈ మాట ఇంతకుముందు నా నోట్లో కూడా లేదు. ఇప్పుడు కాగితం మీద ఉంది. కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతే.