చప్పుడు లేని పని

మా అమ్మ అనసూర్య చివరిరోజు పొద్దున చేసిన పని, గాలికి మోగకుండా తలుపు గొళ్ళేనికి పాతగుడ్డ చుట్టడం. మా బాపు బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు దిగొచ్చి పండుకున్నప్పుడల్లా చుట్టేది.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసంతటికీ పగటినిద్ర అంటే భయభక్తులు. బొగ్గుబాయిలో కప్పు కూలేముందు దానికి పెట్టిన కర్రలు సన్నగా చిటపటమంటాయి. విన్నవాడు పక్కకు ఉరుకుతాడు. కునుకుతున్నవాడికి వినపడదు. అందుకే ఆయుష్షు గురించి ఎవరే మందు చెప్పినా అమ్మది ఒకటే మాట: "కంటినిండ నిద్ర. గదే ఆయుష్షు." మెత్తటి పరుపుల మీద ఆమెకు నమ్మకం లేదు. నులకమంచం బిగువుగా ఉండాలి, కిటికీకి తడిపిన గోనెసంచి కట్టాలి, చుట్టుపక్కల రోలు మోగొద్దు.

"ఏమమ్మా అనసూర్యా, మీ ఇంట్ల మనిషి పండుకున్నడా, నిజాం రాజు పండుకున్నడా?" అనేది పక్కింటి షహజాదీ బేగం, రోకలి పక్కన పెట్టి.

"రాజు పండుకోకుంటె ఏమైతది అక్కా, మంత్రులుంటరు. ఈయనకు ఈయన చెవులే దిక్కాయె."

బేగం నవ్వి కారం దంచుడు సాయంత్రానికి వాయిదా వేసేది.

దంచొద్దు, రుబ్బొద్దు, గిన్నెలు తోమొద్దు. చప్పుడు లేని పని వెతికి వెతికి అమ్మ చదువు పట్టుకుంది. పెళ్ళినాటికి ఆమెకు అక్షరం రాదు. నా రెండో తరగతి వాచకంతో మొదలుపెట్టి, కొన్నేళ్ళలో బజార్లోని అద్దె పుస్తకాల కొట్టులో నవలలన్నీ చదివేసింది. నా బతుకంతా పుస్తకాల మధ్యే గడిచింది, అట్లా చదివే మనిషిని మళ్ళీ చూడలేదు. గాజులు మోచేతికి ఎగదోసి, మంచం పక్కన గోడకానుకొని కూర్చునేది. పెదవి కదలదు. ఎండ గడప దాటి గోడెక్కినా ఆమె కదలదు.

ఆమెకు ఏడిపించే నవలలే ఇష్టం. "కన్నీళ్ళకు చప్పుడుండదు బిడ్డా. నవ్విచ్చే పుస్తకమే పాడుది" అనేది. నవ్వించేది చేతికొస్తే కొంగు నోట్లో కుక్కుకొని, భుజాలు ఊగిపోతుంటే చదివేది.

డెబ్బై ఆరు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను మంచిర్యాల కాలేజీ నుంచి వచ్చేసరికి బాపు నేలమీద ఆమె పక్కన కూర్చొని ఉన్నాడు. అమ్మ గోడకానుకొనే ఉంది, ఒళ్ళో నవల తెరిచే ఉంది. గుండె ఆగిందన్నారు దవాఖానలో, నొప్పి వచ్చే ఉంటుందన్నారు. చెయ్యి చాపితే బాపు పండుకున్న మంచం అందుతుంది. ఆమె చాపలేదు, పిలవలేదు. ఆ నిబ్బరాన్ని తలుచుకొని నేను చాలా ఏళ్ళు లోలోపల దండం పెట్టుకున్నాను.

బాపుకు బాయిలో ఒక్క దెబ్బా తగల్లేదు. నౌకరి దిగిపోయిన రోజు, మెడలో పూలదండ తీసి ఆమె కూర్చునే చోట పెట్టి, నాతో అన్నాడు:

"నాకు పగటీలికే, ఎండ నెత్తిమీదికి రాంగనే మెలకువయ్యేది బిడ్డా. లేస్తె పుస్తకం మూసి పొయ్యికాడికి పోతదని కండ్లు మూసుకొనే ఉండేటోన్ని. పేజీ తిప్పిన చప్పుడు ఇనుకుంట. ఆ దినం శానసేపు తిప్పలే. కథల మంచి జాగల ఉన్నదనుకున్న."