నా తలకు కొన్న హెల్మెట్

మణుగూరు కాలనీలో మేమున్న రోజుల్లో ఆడమనిషి మోపెడ్ నడపడమే ఒక వింత. ఆ మనిషి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, భుజానికి టీకాల డబ్బా తగిలించుకుని, నెత్తిన మొగుడి గనిటోపీ పెట్టుకుని పోతుంటే ఇక చెప్పేదేముంది. ఆ వింతను నేనే. పొద్దున్నే నా బండి చప్పుడు వినబడగానే క్వార్టర్ల ముందు పళ్ళు తోముకునే మగవాళ్ళు బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయేవాళ్ళు. చూస్తే చూడనీ, నాదేం పోయింది అనుకునేదాన్ని.

నేను నర్సుని. అడవిలోని గూడేలకు పోయి పిల్లలకు టీకాలు వేయడం, కడుపుతో ఉన్న ఆడవాళ్ళను చూసి రావడం నా డ్యూటీ. టీకా మందు మంచులో ఉండాలి. ఆ మంచు కరిగేలోపు చివరి గూడెం చేరాలి. బస్సును నమ్ముకుంటే అది తారురోడ్డు మీద దింపి దాని దారిన అది పోతుంది. అక్కడి నుంచి కాలినడకన పోయేసరికి డబ్బాలో నీళ్ళు మిగులుతాయి. నాకు ముందు ఆ ఉద్యోగం చేసినవాళ్ళు వాగు దాకా పోయి, ఇవతలి ఒడ్డున నిలబడి, అవతల గూడెం ఉన్నదని నమ్మి తిరిగొచ్చేవాళ్ళట. వాగు అవతల పిల్లలు తట్టుతో, కోరింత దగ్గుతో పోతుంటే పోయిన లెక్కే తప్ప అడిగినవాళ్ళు లేరు. అందుకని మోపెడ్ కొన్నాను. కాలనీ గ్రౌండులో మా ఆయనే నేర్పాడు, ఎవరూ లేని వేళ చూసుకుని.

మా ఆయనది బొగ్గు గనిలో పని. పాత గనిటోపీ లేని ఇల్లు మా కాలనీలో ఉండేది కాదు. వానొస్తే ఆడవాళ్ళు అదే పెట్టుకుని నీళ్ళ పంపు దగ్గరికి పోయేవాళ్ళు. కోళ్ళకు అందులోనే నీళ్ళు పోసేవాళ్ళు. స్కూటర్లున్న మగవాళ్ళకు కూడా హెల్మెట్ అంటే అదే. గనిలో పైనుంచి పెళ్ళ రాలితే ఆపే టోపీ రోడ్డు మీద ఆపదా అని అందరికీ ధీమా. నాకూ అదే ధీమా. నాది ఆయన వాడి పడేసిన టోపీ, ముందు లైటు తగిలించే కొక్కెం కూడా అట్లాగే ఉండేది. గడ్డం కింద పట్టీ తెగిపోతే లంగా నాడా కట్టుకున్నాను. పైనుంచి పడేదాన్ని ఆపడానికి చేసిన వస్తువు వేరు, పడిన మనిషిని కాచే వస్తువు వేరు అని మా ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. రోజూ నేల కిందికి దిగొచ్చేవాళ్ళకు ప్రమాదం అంటే నెత్తి మీద నుంచే వస్తుందని నమ్మకం.

నాకు అది పక్క నుంచి వచ్చింది. విప్పపూల కాలం. తెల్లారకముందే గూడెం ఆడవాళ్ళు చెట్ల కిందికి పోయి రాలిన పూలు ఏరుకొస్తారు. ఎండబోయడానికి తారురోడ్డు కంటే మంచి కళ్ళం ఎక్కడుంటుంది? సగం రోడ్డు పూలే ఉంటాయి. లారీలవాళ్ళు తొక్కించుకుంటూ పోతారు. నేను తొక్కను. అది వాళ్ళ తిండి. ఆ పొద్దు మలుపు తిరిగేసరికి సగం కాదు, రోడ్డు మొత్తం పూలే. బండి పక్కకు తిప్పాను. అంచున కంకర ఉన్నది. చక్రం జారింది. బండి ఒక పక్క, డబ్బా ఒక పక్క, నేనొక పక్క. నాడా పుటుక్కున తెగి టోపీ నాకంటే ముందే ఎగిరిపోయి పూల మధ్యన పడింది. నా తల పోయి మైలురాయికి కొట్టుకుంది.

పూలకు కాపలా ఉన్న ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది. నెత్తురు చూసి తన కొంగు చింపి తలకు గట్టిగా కట్టింది. కడుతూ ముందు కోయలో తిట్టింది, నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ తెలుగులో తిట్టింది.

“పూల మీదికెల్లి పోతే ఏమయితుండె బిడ్డా? పూలు రేపు మల్ల రాల్తయి. నీ తల మల్ల మొలుస్తదా?”

దవాఖానాలో కుట్లు వేశారు. జుట్టు ఒక పక్కన గొరిగారు. ఊరందరికీ సూదులు వేసే మనిషిని నేను, బల్ల మీద బోర్లా పడుకుని కుట్లు వేయించుకుంటుంటే నొప్పి కంటే ఉక్రోషమే ఎక్కువైంది.

మా బావగారికి కబురు అందింది. ఆయన మా ఆయనకు అన్న, సత్తుపల్లి దగ్గర వ్యవసాయం. మామగారు పోయాక ఇంట్లో ఆయన మాటే మాట. కుట్లు విప్పిన మరునాడే అరటిపండ్ల గెల పట్టుకుని దిగాడు. మనిషి మంచివాడే. ఆ మంచితనమే మన మీద పడి తొక్కుతుంది.

“ఇంక చాలమ్మా. ఆ బండి అమ్మేయండి. మీ డాక్టరు గారితో మాట్లాడే వచ్చాను. దవాఖానా లోపలే డ్యూటీ వేస్తానన్నారు. ఫ్యాను కింద కూర్చుని మందులిచ్చుకోవచ్చు. సోమవారం మనల్నందరినీ రమ్మన్నారు.”

“గూడేలకు ఎవరు పోతరు బావగారూ?”

“ఎవరో ఒకళ్ళు పోతార్లేమ్మా.”

ఆ ఎవరో ఒకళ్ళు ఎంత దూరం పోతారో నాకు తెలుసు. వాగు దాకా. నాకు ఒళ్ళు మండింది. నా మాట అడగకుండా, నా తల పగిలిందని నా ఉద్యోగం గురించి పోయి మాట్లాడొచ్చాడు. మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. కప్పు ఎప్పుడు రాలుతుందో తెలియని చోటికి రోజూ దిగే మనిషికి అన్న ముందు మాత్రం నాలుక పెగలదు.

“నేను పడ్డది బండి నడపరాక కాదు బావగారూ. తల పగిలింది సరైన హెల్మెట్ లేక. ఆదివారం ఖమ్మం పోయి కొనుక్కుంట,” అన్నాను.

బావగారు నవ్వాడు. దెబ్బ తలకు తగిలింది కదా, మాట అట్లాగే ఉంటుందన్నట్టు నవ్వాడు.

ఆదివారం ఖమ్మం పోయాం. మా ఆయన వెంట వచ్చాడు. బండ్ల సామాన్లు అమ్మే దుకాణంలో పైన తీగకు హెల్మెట్లు గుమ్మడికాయల్లా వేలాడుతున్నాయి. దుకాణదారు నన్ను దాటుకుని మా ఆయన్ను పలకరించాడు.

“రండి సార్. మీ తల సైజు ఏంది?”

“తల నాది,” అన్నాను.

“మీకెందుకమ్మా? ఎనక కూసునేటోళ్ళకు అక్కెరలే.”

“ముందు కూసునేది నేనే.”

ఆయన నన్నూ మా ఆయన్నూ మార్చి మార్చి చూసి, ముఖమంతా మూసేది ఒకటి దించాడు. ముందు నల్ల అద్దం. ఇదైతే లోపలికి దుమ్ము కూడా పోదన్నాడు. వద్దన్నాను. మా అడవి రోడ్ల మీద ముఖం కనబడని మనిషి వస్తే సారా పట్టేవాళ్ళో, పోలీసులో అనుకుని గూడెం గూడెమంతా పిల్లల్ని చంకనేసుకుని చెట్లలోకి పోతుంది. నేను సూది ఎవరికి వేయాలి, చెట్లకా? ముఖం తెరిచి ఉండేది కావాలన్నాను. ఎర్రదీ ఆకుపచ్చదీ తీశాడు. ఆ రోజుల్లో అడవిలో ఎర్రది పెట్టుకుంటే పోలీసులతో తంటా, ఆకుపచ్చది పెట్టుకుంటే నక్సలైట్లతో తంటా. నేను ఎవరి మనిషినీ కానన్నట్టు తెల్లది తీసుకున్నాను.

పెట్టుకోబోతే ఎక్కలేదు. కొప్పు అడ్డం. గొరిగినంత మేర పోగా మిగిలిన జుట్టే నాకు గుప్పెట్లో పట్టేది కాదు.

“ఇవి ఆడోళ్ళ తలలకు చేసినయి కావమ్మా. పెద్ద సైజు తీస్కోండ్రి, కొప్పు మీద మంచిగ కూసుంటది,” అన్నాడు దుకాణదారు.

వదులుగా కూర్చున్న టోపీ ఏం చేస్తుందో నాకు ఒకరు చెప్పాలా? అది మనకంటే ముందు ఎగిరిపోతుంది. తల ఎంతుంటే హెల్మెట్ అంతే ఉండాలి. అందుకని అక్కడే, దుకాణం మధ్యలోనే, కొప్పు ముడి విప్పాను. జుట్టు మొత్తం వీపు మీద పడింది. ఆ రోజుల్లో నలుగురిలో ఆడమనిషి జుట్టు విరబోసుకోవడమంటే చావింట్లోనో, అమ్మవారు పూనినప్పుడో. దుకాణంలో నట్లూ బోల్టులూ ఏరుకుంటున్న మగవాళ్ళు చేతులాపి చూశారు.

“ఇంటికి పోయినంక చూసుకుందాం,” అన్నాడు మా ఆయన పళ్ళ బిగువున.

“తల ఈడున్నది, హెల్మెట్ ఈడున్నది. ఇంటికెందుకు?”

జుట్టును రెండు పాయలుగా మెడ దగ్గర నుంచి కిందికి అల్లుకుని, హెల్మెట్ తోసి పెట్టుకున్నాను. బుగ్గలు నొక్కుకున్నాయి. మానీ మానని గాయం మీద ఒత్తుకుని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరిపోయిందని అప్పుడు తెలిసింది. పట్టీ బిగించి తల అటూ ఇటూ విసిరాను. కిందికి వంగి విదిలించాను. కదల్లేదు. బయట నుంచి ఒకడు, “అమ్మోరు పూనిందిరో,” అని నవ్వాడు.

“పూనింది. జరా దూరం జరుగు,” అన్నాను.

తర్వాత నా సర్వీసులో చాలా హెల్మెట్లు మార్చాను. కొబ్బరినూనె, చెమట పట్టి లోపలి స్పాంజి పొడిలా రాలితే మార్చాను. ఒకసారి రోడ్డుకు గట్టిగా కొట్టుకుంటే, పైకి గీత కూడా లేకపోయినా మార్చాను. ఒక దెబ్బ తన మీద వేసుకున్న దాన్ని రెండోది కూడా వేసుకొమ్మనడం అన్యాయం. అయితే ఏ దుకాణంలోనూ మళ్ళీ కొప్పుతో అడుగుపెట్టలేదు. ఇంటి దగ్గరే అల్లుకుని పోయేదాన్ని, సైజు తెలుసుకుని.

ఖమ్మం పోయొచ్చిన మరునాడు, సోమవారం, డాక్టరు సారు గదిలో బావగారు అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను హెల్మెట్ చేతిలో పట్టుకుని బల్ల ముందు నిలబడ్డాను.

“నీ మంచికేనమ్మా ఇదంతా. మళ్ళీ పడితే ఎట్లా?” అన్నాడు డాక్టరు సారు.

“పడితే లేస్త సార్. హెల్మెట్ పగిలితే ఇంకోటి కొంట. గూడేలు మాత్రం ఇడిచిపెట్ట.”

ఆయన నాతో మాట్లాడటం దండుగ అనుకున్నాడో ఏమో, మా ఆయన వైపు తిరిగాడు. “ఏమయ్యా, నువ్వేమంటావు? మొగుడిగా నువ్వు ఒప్పుకుంటే బయటి డ్యూటీలోనే ఉంచుతాను. రేపు ఏదన్నా జరిగితే నన్ననొద్దు. ఒప్పుకుంటున్నావా?”

బావగారు తమ్ముణ్ణి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మా ఆయన తల దించుకున్నాడు. నా బతుకు ఇద్దరు మగవాళ్ళ చూపుల మధ్య అటూ ఇటూ ఊగుతుంటే నాకు ఇక ఆగలేదు.

“సార్, ఈయన రోజూ గనిల దిగుతడు. మల్ల పైకి వచ్చేదాక నాకు నమ్మకం లేదు. దిగేటప్పుడు నీ పెండ్లాం ఒప్పుకున్నదా అని ఎవరన్న అడిగిండ్రా?”

డాక్టరు సారు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. జవాబు ఆయన దగ్గర నుంచి రాలేదు. గోడ దగ్గర నుంచి వచ్చింది.

“అడగలే సార్,” అన్నాడు మా ఆయన. “ఇన్నేండ్లల్ల ఎవ్వలు అడగలే.”

“ఏందిరా నువ్వనేది?” అన్నాడు బావగారు.

“ఆమె డ్యూటీ ఆమెది అన్నా. నన్ను అడుగుడేంది?”

డాక్టరు సారు సరే అని చేత్తో సైగ చేశాడు. బావగారు మా వెనక బయటికి రాలేదు.

బయట బండి దగ్గరికి వచ్చాం. ఇద్దరం కలిసి పోయినప్పుడు ఎప్పుడూ హ్యాండిల్ ఆయన చేతిలోనే ఉండేది. నేను తాళంచెవి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. నేను హెల్మెట్ పట్టీ బిగించుకునే దాకా ఆగి, వెనక సీటు మీద అటొక కాలు ఇటొక కాలు వేసుకుని కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంటికి దారి బస్టాండు ముందు నుంచే. షిఫ్టు దిగిన గనివాళ్ళు హోటల్ ముందు టీ తాగుతున్నారు, అందరూ ఆయనతో కలిసి దిగేవాళ్ళే. మమ్మల్ని చూసి ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు ఆయన్ను పేరు పెట్టి పిలిచి పకపకా నవ్వాడు. నేను బండి వేగం పెంచలేదు, మెల్లగానే వాళ్ళందరి ముందు నుంచి పోనిచ్చాను. ఆయన చెయ్యి నా భుజం మీద నుంచి తీయలేదు.