మంచులో నాళె బా

నా చిన్నప్పుడు బెంగళూరు పేటలో మా ఇంటి తలుపు మీద అవ్వ సుద్దముక్కతో ‘నాళె బా’ అని రాసేది. రేపు రా అని కన్నడంలో. అది దెయ్యం కోసం. దెయ్యం మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందట, పలికామా ఇక అంతే. ఆ రెండు మాటలంటే మటుకు దానికి హడలట. మొహం కనబడందే ఎవరు పిలిచినా పలకనని అవ్వ నా చేత ఒట్టు వేయించుకుంది. ఇప్పటి పిల్లలు నవ్వుతారు, నవ్వుకోనీ. యుద్ధం రోజులవి, చీకటి పడితే వీధి దీపాలు కూడా ఆర్పేసేవాళ్ళు. మాకు నవ్వు రాలేదు.

ఆ వేసవిలో మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, నన్ను కూనూరు తీసుకుపోయింది. చిన్నాయన అక్కడొక టీ తోటలో గుమాస్తా. అందరూ ఆహా ఓహో అంటారు గానీ, ఆ కొండ ఊరు నాకు మొదటి రోజు నుంచీ నచ్చలేదు. ఎండ కాస్తూ కాస్తూనే మంచు దిగేది, పక్కనున్న మనిషి మాయమయ్యేది. టీ చెట్లు నా భుజాల దాకా, అన్నీ ఒకేలా ఉండేవి.

ఒక మధ్యాహ్నం చిన్నాయనకు అన్నం ఇచ్చి తిరిగొస్తున్నాం. దారిలో చిన్నమ్మ ఎవరితోనో మాటల్లో పడితే నేను ఆకులు తుంచుకుంటూ ముందుకు పోయాను. మంచు కమ్మేసింది. దారి పోయింది. అప్పుడు “పాపా” అని పిలుపు. చిన్నమ్మ గొంతే. కానీ చిన్నమ్మ నా వెనక ఉండాలి గదా, పిలుపు ముందు నుంచి వచ్చింది. నా కాలు అటే పడబోయింది. అవ్వకు వేసిన ఒట్టు గుర్తొచ్చి అక్కడే కూలబడ్డాను. మళ్ళీ పిలిచింది, ఇంకాస్త తీయగా. పావడా అంచు నోట్లో కుక్కుకున్నాను. ఇక నేను ఇల్లు చేరననే అనుకున్నాను.

పిలుపు ఆగిపోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నా వెనక ఎవరో మెల్లగా నడుస్తూ, “నాళె బా... నాళె బా...” అంటున్నారు. దెయ్యం ఆ మాట ఎట్లా అంటుంది?

“చిన్నమ్మా, ఈడుండాను” అన్నాను.

“కదలొద్దు తల్లీ. నేనే వస్తా ఉండాను.”

చెయ్యి దొరికింది. గట్టిగా పట్టేసుకున్నాను. మంచు పలచబడ్డాక చూస్తే, నా ముందు రెండు టీ చెట్లు, ఆ తర్వాత నేల లేదు. ఎక్కడో లోతున నీళ్ళ చప్పుడు వినబడుతోంది.

చిన్నమ్మ పిలుపే ఎదుటి కొండకు తగిలి అటునుంచి వినబడిందని చిన్నాయన తేల్చేశాడు. అయ్యుండొచ్చు. చిన్నమ్మ నన్ను తిట్టలేదు, దెయ్యాలు లేవనీ అనలేదు. “నువ్వు పలక్కపోతే దెయ్యమనుకున్నావని తెలిసిపోయిందమ్మా. నేనూ మీ అవ్వ పెంచిన పిల్లనే గదా” అంది, అంతే.

తొంభైకి దగ్గరపడ్డాను. ఇంట్లో ముని మనవరాలు చీకటి గది చూసి జడుసుకుంటే అందరూ ‘అక్కడేం లేదు పో’ అంటారు. నాకు ఆ మాట నోట రాదు. దాని చెయ్యి పట్టుకుని, ఏం వినబడిందో చెప్పమని అడుగుతాను, చెప్పిందంతా వింటాను. ఏమీ లేదని నేనెట్లా అనేది? ఆ రోజు ఉండింది, రెండు చెట్ల అవతలే.