“లేపినవా?” అనే మనిషి

బేగంపేట ఆఫీసులో నాకు పని నేర్పిన సీనియర్‌కు ఒక అలవాటుండేది. నేను రాసిన కోడ్ చదువుతూ, ప్రతి లైను మీదా వేలు పెట్టి ఒకటే అడిగేవాడు: “లేపినవా?”

అంబులెన్సుల్లో రోగి నాడి చూపించే చిన్న మానిటర్‌కు మేం డిస్‌ప్లే డ్రైవర్, అంటే తెరను నడిపే ప్రోగ్రాం, రాస్తున్నాం. తెర అక్కర్లేనప్పుడు బ్యాటరీ మిగలాలని డిస్‌ప్లే చిప్‌కు కరెంటు ఆపేస్తాం. అలా నిద్రపోయిన చిప్‌ను కోడ్ లేపకుండా ముట్టుకుంటే మానిటర్ మొత్తం బిగుసుకుపోతుంది.

ఒకరోజు నా పరీక్షలన్నీ పాసయ్యాయి. సంబరంగా చెప్పాను. ఆయన మానిటర్‌ను బల్ల మీద పెట్టి, “జెర పండుకోనీ” అన్నాడు. తెర నల్లబడింది. పది నిమిషాలు ఆగాం. తర్వాత వెలుతురు పెంచే బటన్ నొక్కాడు. తెర రాలేదు. మళ్లీ నొక్కాడు. రాలేదు. నేను పరీక్షించిందంతా మెలకువగా ఉన్న చిప్‌నే. వెలుతురు మార్చేచోట దాన్ని లేపడం మరిచిపోయాను.

ఆయన తిట్టలేదు. బటన్ మీంచి వేలు మాత్రం తియ్యలేదు.

“ఆ బండ్ల ఓ మనిషి పండుకొని ఉంటడ్రా” అన్నాడు.

నిరుడు సైనిక్‌పురి నుంచి అమ్మను అంబులెన్సులో తీసుకెళ్తున్నాం. ఆమె తల దగ్గరున్న మానిటర్ తెర ఉన్నట్టుండి నల్లబడింది.

“పరేషాన్ గాకున్రి సార్, నొక్కితే వస్తది” అంటూ నర్సు చెయ్యి చాచింది.

అది మేం చేసిన మానిటర్ కాదు. దాని కోడ్ రాసినవాడి పక్కన, “లేపినవా?” అని అడిగే మనిషి ఉన్నాడో లేడో నాకు తెలియదు. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, నర్సు వేలి వైపే చూస్తున్నాను.