శనగ చేలో జింకల గ్రూప్ ఫోటో

మా వీధి మలుపులో స్టూడియో నడిపే ఫోటోగ్రాఫర్‌ని అందరూ "నవ్వండి" అనే పిలుస్తారు. రోజంతా ఆ మాట అంటూనే ఉంటాడు గానీ తను మాత్రం నవ్వడు. నీలం తెర, ఒక కాలు పొట్టిదైన స్టూలు, తాడుకు వేలాడే దువ్వెన, అదీ స్టూడియో. ఆయన తీసిన పాస్‌పోర్టు ఫోటో జేబులో పెట్టుకుని ఇంటికి వెళితే సొంత కుక్కే మొరిగిందని ఒక పెద్దమనిషి ఒట్టేసి మరీ చెప్పాడు. ఆ పెద్దమనిషికి కుక్క లేదు, అది వేరే సంగతి.

ఆదివారం వస్తే స్టూడియో మూసేసి ఊరి బయట పొలాలకు పోయేవాడు. అక్కడ అడవి జింకలు మందలుగా తిరుగుతాయి. మంద మొత్తం ముఖాలతో సహా ఒకే ఫోటోలో పడాలని ఆయన కోరిక. జింకలకు ఆ కోరిక లేదు. ఎంత పొంచి కూర్చున్నా, కెమెరా ఎత్తేసరికి వెనక్కి తిరిగి పరుగే. ఏళ్ల తరబడి కష్టపడితే గోడ నిండా మిగిలినవి తోకలు.

"ఒక్కదానికైనా ముఖం లేదేంటోయ్? నిన్ను చూసి సిగ్గుపడుతున్నాయా?" అని ఆయన బావ ఏడిపించేవాడు.

ఆ పొలాల్లోనే బావకు శనగ చేను ఉంది. అది కాయ మీదున్న రోజుల్లో అక్క కంటికి ఆపరేషన్ పడింది. బావ తోడు వెళ్లాలి.

"ఈ రెండు రోజులూ తెల్లారకముందే వెళ్లి కాపలా ఉండు. జింకలొస్తే డబ్బా వాయించు. అంతేగానీ నవ్వండి, నవ్వండి అంటూ నిలబడకు."

"నన్నేమనుకున్నావు బావా?"

"ఏమనుకున్నానో చెబితే మీ అక్క ఊరుకోదు."

మొదటి రోజు బాగానే వాయించాడు. రెండో రోజు మెడలో కెమెరా వేసుకుని వెళ్లాడు. ఊరికే, మెడ బోసిగా ఉందని.

మంచు నేలను పట్టుకుని ఉంది. మంద అప్పటికే చేలో దిగింది. గాలి ఎదురుగా వీస్తోంది, మనిషి వాసన వాటికి తగల్లేదు. ఒక్క ఫోటో తీసి డబ్బా కొడదాం అనుకున్నాడు. వెలుతురు చాల్లేదు. కాస్త తెల్లారనిద్దాం అనుకున్నాడు. తెల్లారితే పెద్ద మగజింక ఒకటి అడ్డం నిలబడింది. అది పక్కకు జరగనీ అనుకున్నాడు. శనగ కొమ్మలు పటపటా తెగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తెగుతున్నది బావ చేనని తెలుస్తూనే ఉంది. వేలు మాత్రం బటన్ మీంచి కదల్లేదు.

ఎండ మంచులోకి దూరింది. ఎక్కడో ట్రాక్టరు మోగింది. తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. కొమ్ములు, చెవులు, నోట్లో శనగ కొమ్మలతో సహా అన్నీ ముఖాలే! అది తీశాకే డబ్బా మోగింది. అప్పటికి చేను సగం గుండు కొట్టించుకుంది.

తిరిగొచ్చిన బావ అడిగాడు. "డబ్బా కొట్టావా?"

"కొట్టాను బావా."

అబద్ధం కాదు. ఎప్పుడు కొట్టాడో మాత్రం చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత బావ స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "పంట నష్ట పరిహారం ఆఫీసరు వచ్చి చూశాడోయ్. ఊళ్లో పశువులే మేశాయంటాడు. అడవి జింకలైతేనే ఇస్తారట, రుజువు కావాలట. తిన్నవి సంతకం పెట్టి పోతాయా? ఆ డబ్బు రాకపోతే వచ్చే పంటకు విత్తనం లేదు. ఒకసారి వచ్చి చేను ఫోటో తియ్యి, కాలి గుర్తులేమైనా పడతాయేమో."

రుజువు బల్ల సొరుగులో ఉంది. బయటికి తీస్తే తన బండారం బయటపడుతుంది. తీయకపోతే అక్క ఇంట్లో విత్తనం ఉండదు.

"రేపు వస్తాలే బావా" అన్నాడు. బావ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడు నవ్వండి సొరుగు తెరిచాడు.

బావ ఫోటోను వెలుతురుకి పట్టుకున్నాడు. వెనకాల కనిపిస్తున్న తన పంపు షెడ్డును వేలితో తడిమాడు.

"డబ్బా కొట్టి ఉంటే వీటి ముఖాలు నీకెలా దొరికాయోయ్?"

"తర్వాత కొట్టాను."

"ఎంత తర్వాత?"

నవ్వండి నీలం తెర వంక చూశాడు. "అవి మేసినంతసేపూ చూస్తూనే ఉన్నాను బావా."

బావ ఫోటోను చొక్కా లోపల పెట్టుకున్నాడు. "బాగా వచ్చింది" అన్నాడు. తిట్టినా బాగుండేది. "మీ అక్కకు మాత్రం చెప్పకు. కన్ను మానేదాకా ఏడవకూడదన్నారు."

పరిహారం వచ్చింది. కట్టు విప్పాక అక్క ఆ ఫోటో చూసి మురిసిపోయింది. పెద్దది చేయించి, భోజనాల బల్ల ఎదురు గోడకు తగిలించింది. "మన చేను కాపలా కాస్తూ మా తమ్ముడు తీశాడు" అని పాలవాడికి కూడా చూపిస్తుంది. ఈమధ్య ఆమె చెప్పే కథలో తమ్ముడు మందకు ఒంటరిగా ఎదురెళ్లాడు కూడా. ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంటే నవ్వండి ఆ గోడకు వీపు పెట్టుకుంటాడు.

మొన్న అక్క వంటింట్లోకి వెళ్లిన సందు చూసి అడిగాడు. "కన్ను ఎప్పుడో మానిందిగా. ఇక చెప్పెయ్యనా బావా?"

"చెప్పు. నీ బరువు దిగుతుంది. ఆవిడ ఆ ఫోటో దించేస్తుంది. తర్వాత ఇంటికి వచ్చినవాళ్లకి ఏం చూపించుకోవాలో అది కూడా నువ్వే చెప్పు."

అక్క గిన్నెతో తిరిగొచ్చింది. "ఏం మాట్లాడుకుంటున్నారు?"

"ఏం లేదక్కా" అని నవ్వండి ఇంకాస్త కూర వేయించుకున్నాడు.