ఇనుప సైకిలుకి ఆముదం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియదని ఒప్పుకోవడం ముప్ఫై దాటాక మెల్లగా అలవాటయింది గాని, పాతికేళ్ళ వయసులో చేతిలో ఫోనూ అందులో ఇంటర్నెట్టూ ఉంటే చాలు, ఏ వస్తువు గురించైనా దాన్ని తయారుచేసినవాడికంటే నాకే ఎక్కువ తెలుసని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే నాలుగు నెలలు చదివి ఒక సైకిలు కొన్నాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చూసినవాళ్ళు ముచ్చటపడి, ఎలా ఎంచుకున్నావని అడుగుతారు. నవ్వుతూనే చెప్పడం మొదలుపెడతాను (చివరిదాకా అలా నవ్వలేను కాబట్టి సగంలో మాట మార్చేస్తుంటాను). ఈసారి మార్చకుండా చెబుతాను.

బరంపురంలో నాన్నకి ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. మేకులు, గొళ్ళేలు, పారలు, గునపాలు, బావి గిలకలు, మనిషన్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడే ఇనుమంతా అందులో ఉండేది. కొట్టులోకి కొత్త సరుకు ఏది వచ్చినా సరే, అది అర ఎక్కే ముందు నాన్న చేతి నూనె దానికి పడాల్సిందే. ఆముదంలో కాస్త కిరసనాయిలు కలిపి, పాత పంచె ముక్క అందులో ముంచి, మేకు దగ్గర్నుంచి గునపం దాకా తనే రాసేవాడు. సముద్రపు గాలి వచ్చే ఊళ్ళు మావి, రాయకపోతే నెల తిరక్కుండా తుప్పు పడుతుంది. పనివాళ్ళున్నా ఆ పని మాత్రం ఒకరికి ఇచ్చేవాడు కాదు. తరవాత పెద్ద దుకాణాలు వచ్చాయి, మా కొట్టు మూతపడింది. బరంపురం లంజిపల్లిలో ఇల్లు ఖాళీ చేసి, గంజాంలో అద్దె తక్కువని అక్కడికి చేరాం. నాకు ఛత్రపురంలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. నాన్నకి మాత్రం నూనె రాయడానికి ఏమీ మిగల్లేదు. కిటికీ ఊచలకి రాసేవాడు. కత్తిపీటకి, పట్టకారుకి రాసేవాడు. అద్దెకిచ్చిన ఇంటివాళ్ళ గేటుకి కూడా రాశాడు (ఇంటాయన కొత్త పంచెతో దానికి ఆనుకున్న రోజు సంగతి వేరే చెప్పాలి). మాట్లాడటం బాగా తగ్గిపోయింది. నాన్న ఇంట్లో ఉన్నదీ లేనిదీ ఆముదం వాసనబట్టి తెలుసుకోవలసి వస్తోందని అమ్మ అనేది. మేం నవ్వేవాళ్ళం గాని, ఆ ఇంట్లో ఆ నవ్వులు ఎక్కువసేపు నిలిచేవి కావు.

గంజాం నుంచి ఛత్రపురానికి రుషికుల్య వంతెన మీదుగా తొమ్మిది పది కిలోమీటర్లు. బస్సులున్నాయి. ఆఫీసులో అందరూ స్కూటరు కొనుక్కోమన్నారు. నేను సైకిలు కొంటానన్నాను. అదీ మామూలు సైకిలు కాదు, సైక్లోక్రాస్. అంటే బురదలో, గడ్డిలో పందేలు వేసుకోవడానికి చేసిన సైకిలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, కాస్త లావు టైర్లు, రెండు చక్రాలకీ మధ్యలో పళ్ళెంలాంటి డిస్కు బ్రేకులు. నేను పందెం వేయాల్సిన మనిషి ఎవడూ ఛత్రపురం దారిలో లేడు. అయినా గుంతలున్నాయి, వానాకాలం బురద ఉంది, తడిలో మామూలు బ్రేకులు జారతాయి, డిస్కు బ్రేకులు జారవు, ఇలా ఒక్కో కారణం కనిపెట్టుకుంటూ వెళ్ళాను. ఫ్రేము దేనిది అన్న దగ్గర రెండు నెలలు పట్టింది. కార్బన్ మన స్తోమతు కాదు. అల్యూమినియం తేలిక గాని గతుకులు ఒంటికి తగులుతాయి. స్టీలు బరువే, కాని గతుకుని మింగేస్తుంది, విరిగితే ఊళ్ళో వెల్డింగు కొట్లోనే అతుకు వేయించుకోవచ్చు. ఈ ముక్కలన్నీ రాత్రి అన్నం దగ్గర అమ్మకి చెప్పేవాణ్ణి. అమ్మ వింటూ చారు వడ్డించేది. ఒకరోజు, ఎన్నాళ్ళుగానో అన్నం దగ్గర నోరు విప్పని నాన్న, తలెత్తకుండానే అడిగాడు.

"ఇనుమేనా?"

ఇనుమేనన్నాను. స్టీలంటే ఇనుమే కదా. "అయితే తెచ్చుకో. అల్యూమినం అన్నమొండుకోడానికి బాగుంటాది" అన్నాడు నాన్న. ఇంటర్నెట్టులో చదివి స్టీలు ఎంచుకున్నానని నేను ఆఫీసులో అందరికీ చెప్పాను. అబద్ధం. ఆ పూటదాకా నా మనసు అల్యూమినియం వైపే ఉంది.

విశాఖపట్నం నుంచి సైకిలు అట్టపెట్టెలో రైలు మీద వచ్చింది. బిగించడానికి నాకు ఒక పగలంతా పట్టింది (పదకొండు వీడియోలు చూశాను). నాన్న అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. బిగించడం అయ్యాక వచ్చి, వేలి కణుపుతో ఫ్రేము మీద రెండుసార్లు కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. "మంచి సరుకు" అన్నాడు. కొట్టు మూసిన తరవాత ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. అమ్మ శుక్రవారం పొద్దున్నే పూజ చేద్దామంది. ఆ శుక్రవారం నేను లేచేసరికి సైకిలుకి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి, కొమ్ములకి బంతిపూల దండ ఉంది, చక్రాల కింద నిమ్మకాయలు ఉన్నాయి. ఫ్రేము మాత్రం పొద్దుటి ఎండలో నిగనిగలాడిపోతోంది. స్టీలు మెరుపు ఎండలో చూస్తేనే తెలుస్తుందని నేను అమ్మకి వివరించాను కూడా. ఆముదం వాసన వచ్చిందా అంటే, వచ్చింది. మా ఇంట్లో రాని రోజెప్పుడని?

సందు చివర బ్రేకు నొక్కితే సైకిలు ఆగడానికి ఇష్టపడలేదు. కీచుమని మూలిగి ముందుకు జారింది. వేరేవాడైతే దిగి చూసేవాడు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి దిగలేదు. కొత్త డిస్కు బ్రేకులకి పట్టు దొరకడానికి కొంత దూరం నడవాలని చదివాను, కనక ఇది శాస్త్రోక్తమేననుకున్నాను. వంతెన మీద సముద్రపు గాలి పక్కనుంచి తోస్తోంటే దర్జాగా దాటాను. వంతెన దాటాక రోడ్డు పల్లానికి దిగుతుంది. ఎదర ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. రెండు బ్రేకులూ బలమంతా పెట్టి నొక్కాను. సైకిలు తన దారిన తను పోతూనే ఉంది. ఆటోని తప్పించబోయి రోడ్డు పక్కకి దిగిపోయి, అక్కడ టార్పాలిన్ పట్టాల మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్లో బోర్లా పడ్డాను. చేప అన్నది ఇంటి గుమ్మం దాటి ఎరగని కుటుంబం మాది. నోట్లో ఒకటి పోయింది కూడా. చేపలకి కాపలా ఉన్న నోలియా జాలరి ముసలమ్మ తాపీగా లేచి వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టింది.

"బ్రేకుల్లేని బండెక్కీసినావేటి బాబూ?"

బ్రేకులున్నాయనీ, డిస్కు బ్రేకులనీ, తడిలోనూ జారవనీ నేను చేపల్లో కూర్చునే ఆవిడకి చెప్పాను. ఆవిడ వంగి డిస్కు మీద వేలు పెట్టి, వాసన చూసి, "ఆవదం" అంది. నాలుగు నెలలు చదివిన నాకు తెలియనిది ఆవిడకి ఒక్క వేలితో తెలిసిపోయింది.

మోచేయి గీరుకుపోయింది, చొక్కా చిరిగింది, ఒళ్ళంతా చేపల కంపు. సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నాన్న, అమ్మ, పూజ ప్రసాదానికి వచ్చిన ఇంటివాళ్ళు నలుగురు ఉన్నారు. నాన్న నా మోచేయి చూసి కంగారుగా లేచి వచ్చాడు. ఎలా అయిందిరా అని అడుగుతూ సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. డిస్కులకి నూనె రాసినదెవరని అడిగాను. నేనే, అన్నాడు నాన్న. మూల మూలకీ రాశానన్నాడు, ఒక్క అంగుళం కూడా వదల్లేదన్నాడు. ఆ గొంతులో ఉన్నది గర్వం. కొట్టు పోయాక ఆయన గొంతులో నేను మళ్ళీ విన్న గర్వం అదొక్కటే, దాన్ని కాస్సేపైనా ఉండనివ్వలేదు నేను.

"నువ్వు సెయ్యెట్టినదేదీ బాగుపడదు నాన్నా" అన్నాను. "కొట్టూ అంతే. ఇదీ అంతే."

నలుగురి ముందు అన్నాను. నోరు జారాననడానికి లేదు. చేపల దగ్గర్నుంచి ఇంటిదాకా దారి పొడుగునా ఆ మాట నాలో తయారవుతూనే ఉంది. నాన్న హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ తుండుగుడ్డకి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడుస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆముదం డబ్బా అటకెక్కింది. మర్నాడు నా టేబులు మీదున్న పేపరు కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇది ముట్టుకోనా?" అని అడిగాడు నాన్న. ఎత్తిపొడుపేమో అనుకున్నాను. కాదు. టీవీ రిమోట్ దగ్గర అడిగాడు. మంచినీళ్ళ సీసా దగ్గర అడిగాడు. పండగకి నేను కొన్న చొక్కా ఇస్తే, దాన్నీ అడిగే ముట్టుకున్నాడు. మొదట్లో విసుక్కున్నాను, తరవాత నవ్వులాటగా తీసుకోవాలని చూశాను, ఆ తరవాత అలవాటుపడ్డాను. అలవాటుపడటమే అన్నిటికంటే పెద్ద తప్పు. క్షమించమని ఒక్క మాట అంటే సరిపోయేది. రేపు అందాం, ఎల్లుండి అందాం అనుకుంటూ ఆరేళ్ళు గడిచాయి. సైకిలు మాత్రం రోజూ తొక్కాను. డిస్కులు శుభ్రం చేసి, వాటిని పట్టి ఆపే ప్యాడ్లు నూనె పీల్చుకున్నాయని మార్చాక బ్రేకులు నిజంగానే బాగా పట్టేవి. ఉప్పుగాలికి ఫ్రేము అక్కడక్కడా పొక్కులు లేచి తుప్పు పట్టింది. నూనె రాయాలని తెలుసు. ఏ మొహంతో రాయను?

ఆరో ఏడు సైకిలు బాగా మూలగడం మొదలుపెట్టింది. బరంపురంలో ఇలాంటి సైకిళ్ళు చూసే మెకానిక్ ఒకాయన ఉంటే తీసుకెళ్ళాను. ఆయన తుప్పు చూసి పెదవి విరిచాడు. సముద్రం పక్క ఊళ్ళనుంచి వచ్చే స్టీలు సైకిళ్ళలో సీటు కడ్డీ ఫ్రేములోనే తుప్పుపట్టి బిగుసుకుపోతుందనీ, ఒకోసారి కోసి తియ్యాల్సి వస్తుందనీ ముందే చెప్పి, బోల్టు వదులుచేసి సీటు పట్టుకుని లాగాడు. కడ్డీ మెత్తగా పైకి వచ్చేసింది. ఆయన ఆశ్చర్యపోయి టార్చి వేసి గొట్టంలోకి చూశాడు, నన్నూ చూడమన్నాడు.

"లోపల తుప్పే లేదు, సూడండి. ఎవరో పని తెలిసినోళ్ళు నూనెట్టారు బాబూ. పైన పోయినా పర్లేదు, లోపల బాగుంటే సైకిలుకి ఇంకా పాతికేళ్ళ ఆయుస్సు."

గొట్టం దగ్గర మొహం పెట్టాను. ఆరేళ్ళనాటి ఆముదం, చిక్కబడిపోయినా వాసన ఇంకా ఉంది. ఆ శుక్రవారం నేను నిద్రపోతుండగా నాన్న సీటు ఊడదీసి, ఎవరికీ కనబడని ఆ గొట్టం లోపల కూడా రాశాడు. మళ్ళీ నేను పెట్టుకున్న ఎత్తుకే సీటు బిగించాడు. ఎవరు రాశారని మెకానిక్ అడిగాడు. మా నాన్న, అన్నాను. దుమ్ముగా ఉందని చెప్పి బయటికి వచ్చేశాను.

అప్పటికి నాన్నకి మతిమరుపు వచ్చేసింది. మా పేర్లు తడుముకునేవాడు. ముట్టుకోనా అని అడగడం మాత్రం మరిచిపోలేదు. ఆ ఆదివారం అటక మీంచి ఆముదం డబ్బా దింపి, పాత పంచె చింపి, సైకిలు తెచ్చి ఆయన ఎదుట పెట్టాను. నాన్న సైకిలుకేసి చూశాడు.

"ముట్టుకోనా?"

"ముట్టుకో నాన్నా. ఇనుము కదా, నువ్వే రాయాల" అన్నాను. ఆయన గుడ్డ తీసుకున్నాడు. గుడ్డ ఫ్రేముకి తగిలాక చెయ్యి తన పని తను చేసుకుపోయింది. పైగొట్టం, కిందిగొట్టం, చక్రాల ఊచలు ఒక్కొక్కటీ. డిస్కు దగ్గరికి వచ్చేసరికి అది బాగా మెరుస్తోంది కదా, మరింత శ్రద్ధగా రెండు వైపులా పట్టించాడు. బాగుంది నాన్నా, అన్నాను. సోమవారం బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళాను.

అక్కణ్ణుంచి నెలకోసారి అదే వరస. ఒకసారి తెలివిగా చక్రాలు ఊడదీసి వట్టి ఫ్రేము ఇచ్చాను. సక్రాలేవి, అవి ఇనుము కావా అని అడిగాడు. ఇంకోసారి డిస్కులకి గుడ్డ చుట్టి కట్టాను. ఓపిగ్గా ముడి విప్పి మరీ రాశాడు. ఇంక ఊరుకున్నాను. నాన్న మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పెరట్లో డిస్కులు స్పిరిట్‌తో కడిగి, కొత్త ప్యాడ్లు వేసుకునేవాణ్ణి. ఇన్ని ప్యాడ్లు ఏం చేస్తున్నారని మెకానిక్ అడిగితే, మా ఊళ్ళో ఉప్పుగాలి ఎక్కువండీ, ప్యాడ్లు నిలవవు అని చెప్పాను. ఆయన నమ్మాడో లేదో గాని, నాకోసం ఎప్పుడూ రెండు జతలు తీసి ఉంచేవాడు. నాలుగు నెలలు చదివి సైకిలు కొన్న ఆ తెలివైన కుర్రాడు ఈ సంగతి చూస్తే నన్ను చూసి ఎంత నవ్వేవాడో అనుకుంటూ ఉంటాను. నవ్వనీ.

రెండేళ్ళ కిందట, వానలు మొదలైన రోజుల్లో నాన్న పోయాడు. చివరి నెలలో కూడా రాశాడు. ఆ ప్యాడ్లు మార్చాక మళ్ళీ మార్చే అవసరం రాలేదు. మొన్న చైను వేయించుకుందామని బరంపురం వెళ్ళాను. మెకానిక్ చక్రం తిప్పి, బ్రేకు నొక్కి చూసి, తలెత్తాడు.

"ఏటి బాబూ, ప్యాడ్లకి రావడమే మానేసారు. మీ ఊళ్ళో ఉప్పుగాలి తగ్గిందేటి?"

తగ్గిందన్నాను.