పొలం కాడి ఉత్తుత్తి టోకెను

నేను టెస్టర్‌నని పెద్దవంగరలో తెలిసిన మొదటి వారంలోనే పక్కింటివాళ్లు వచ్చి, ఆగిపోయిన బోరు మోటరు చూడమన్నారు. కరెంటు ఉంటే వెలిగే టెస్టర్ ఒక్కటే వాళ్లకు తెలుసు. నాకంటే అదే నయం. దానికి విషయం తగలగానే లైటు వెలుగుతుంది. నాకు చాలాసార్లు ఆలస్యంగా వెలుగుతుంది.

పుట్టింది చిట్యాల, చదివింది జనగామ, మెట్టింది పెద్దవంగర. యాప్‌లలో తప్పులు పట్టే ఉద్యోగం హైదరాబాదులోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీది, కుర్చీ మాత్రం మా ఇంటి వసారాలోది. ఆ వానకాలం మాకో పని వచ్చింది. రైతులు సొసైటీ ముందు పొద్దంతా నిలబడకుండా, ఫోన్‌లోనే యూరియా టోకెను తీసుకునే వెబ్ యాప్ అది. మొదట మా దగ్గరి సొసైటీలోనే పెట్టి చూస్తామన్నారు. సోమవారం నుంచి సగం బస్తాలు లైన్లో నిలబడ్డవాళ్లకు, సగం ఫోన్ టోకెన్ల వాళ్లకు.

చిక్కేమిటంటే, ఫోన్‌లో కనిపించే భాగం తయారైంది గానీ టోకెన్లు ఇచ్చే సర్వర్ ఇంకా తయారు కాలేదు. అలాంటప్పుడు సర్వర్ చెప్పాల్సిన జవాబులు మేమే రాసి మధ్యలో కూర్చోబెడతాం. యాప్ అడుగుతుంది, మేం రాసిపెట్టిన జవాబు వెళుతుంది. అసలు సర్వరే పలికిందని యాప్ నమ్ముతుంది. దాన్ని మాక్ సర్వర్ అంటారు.

ఓ మధ్యాహ్నం నేను ఆ పనిలో ఉండగా మా అత్తమ్మ వట్టి కాళ్లతో వచ్చింది.

"చెప్పులేవి అత్తమ్మా?"

"సొసైటీ కాడ లైన్ల ఉన్నయి. నేనింట్ల ఉన్న. పొద్దటి సంది ఆ డబ్బ ముంగట కూసొని నువ్వేం జేస్తానవ్?"

"సర్వర్ ఇంకా రాలే. దాని జాగల ఉత్తుత్తిది పెట్టిన. మాక్ అంటరు."

"మాకా, మీకా?"

"అందరికీ."

"గంతే గద. నా చెప్పుల లెక్క. మనిషి వచ్చేదాక జాగ కాస్తది," అని అన్నం పెట్టుకుంది. కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ఇదే సంగతి నేను బొమ్మలు గీసి గంటసేపు చెబుతాను.

నేను రాసిన జవాబులు మూడు రకాలు: టోకెను ఇచ్చాం, నిల్వ అయిపోయింది, పాసుబుక్కు నంబరు తప్పు. మూడింటికీ యాప్ చక్కగా నడిచింది. దాన్ని రాసిన కుర్రాడిది గోదావరి వైపు ఊరు. పరీక్ష గట్టెక్కితే తెర మీద పచ్చగుర్తు పడుతుంది. అది చూసి సంబరంగా ఫోన్ చేశాడు. "అక్కా, అన్నీ పచ్చగానే ఉన్నాయండి!"

"మా పొలం తప్ప తమ్మీ," అన్నాను. అది నిజమే. నాట్లేసిన వరి అప్పటికే ఎర్రబడుతోంది. ఆ వారంలో యూరియా పడకపోతే లాభం లేదని అత్తమ్మ రోజూ అంటోంది.

పెద్దవాళ్ల కళ్లకు అక్షరాలు ఆనుతాయో లేదో చూద్దామని ఆ యాప్‌ను ఉత్తుత్తి జవాబులతో సహా అత్తమ్మ ఫోన్‌లో వేశాను. ఇది పరీక్షకేనని, వచ్చే టోకెను చెల్లదని చెప్పాను. సరేనని ఫోన్ కొంగున కట్టుకుని పొలం పోయింది.

మా పొలం ఒర్రె పక్కన, చిన్న వాగు పారే పల్లంలో ఉంటుంది. అక్కడ ఫోన్ మోగిన దాఖలా లేదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే గట్టెక్కి, చెయ్యి పైకెత్తి, సిగ్నల్‌కు దండం పెట్టాలి. అలాంటి చోటు నుంచి సాయంత్రం అత్తమ్మ వెలిగే మొహంతో తిరిగొచ్చింది.

"నీ చేతుల ఏమున్నదే బిడ్డా! ఒర్రె కాడ నొక్కిన. గడియల టోకెను వచ్చింది. మల్ల నొక్కిన, మల్ల వచ్చింది!"

నా లైటు అప్పుడు వెలిగింది. ఉత్తుత్తి సర్వర్ కూర్చున్నది ఆమె ఫోన్ లోపలే. దానికి సిగ్నల్‌తో పనేముంది? నేను రాసిన సర్వర్‌కు అలసట లేదు, ఆలోచన లేదు, ఒర్రె లేదు. అడగ్గానే పలకడం తప్ప ఏమీ నేర్పలేదు దానికి.

"అది నిజంది కాదు అత్తమ్మా."

"టోకెను ఉత్తుత్తిదని నాకెరుకే. వచ్చుడైతే నిజమే గద? ఒర్రె కాడి ఆడోళ్లందరికీ చెప్పిన. సోమారం లైన్ల చెప్పులు పెట్టుడు లేదు, మా కోడలు చేసిన దాంట్లనే తీసుకుందమన్న. అందరు సరే అన్నరు."

ఆమె మాట మీద నలుగురు ఆడవాళ్లు లైను వదులుకుంటున్నారు. టోకెన్లు రాకపోతే ఆ నలుగురి వరితో పాటు మా అత్తమ్మ మాట కూడా ఎర్రబడుతుంది.

మర్నాడు పొద్దున్నే నా మాక్ సర్వర్‌కు ఒర్రె కాడి సిగ్నల్ లాంటి బద్ధకం నేర్పాను. టోకెను ఇవ్వు, కానీ ఆ కబురు బాగా ఆలస్యంగా పంపు అన్నాను. ఒకే పాసుబుక్కుకు రెండోసారి అడిగితే, అసలు సర్వర్ చెప్పబోయేట్టే, ఇప్పటికే ఇచ్చామను అన్నాను. యాప్ కాసేపు చక్రం తిప్పి, విసిగి, 'మళ్లీ ప్రయత్నించండి' అంది. మళ్లీ నొక్కితే, 'ఈ పాసుబుక్కుపై టోకెను ఇప్పటికే ఇచ్చాం' అంది. నంబరు మాత్రం చెప్పదు! ఇచ్చామంటుంది, ఏమిచ్చిందో చూపదు. నంబరు లేకపోతే సొసైటీలో బస్తా ఇవ్వరు.

కుర్రాడికి చెప్పాను. "అంతసేపు ఎవరాగుతారక్కా?" అన్నాడు.

"మా అత్తమ్మ ఆగుతది. ఆమెను నమ్మి ఇంకో నలుగురు ఆగుతరు."

"రెండోసారి నొక్కితే పాత నంబరు చూపించాలంటే సర్వర్ వాళ్లని కూడా కదపాలండి. సోమవారంలోపు అంటే కష్టం."

ఫోన్ తెర మీద జరిగిందంతా వీడియో తీసి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది. నా మాక్ సర్వర్‌ను చూసి నేర్చుకున్నాడేమో అనుకున్నాను. "మా అమ్మయితే ఫోన్ కాలవలోకి విసిరేసుండేదండి. ఇవాళే మొదలెడతాం," అన్నాడు.

మొత్తానికి ఆదివారం కల్లా మార్చారు. నా బద్ధకపు సర్వర్‌కూ ఆ మార్పు నేర్పి మళ్లీ చూశాను. రెండోసారి నొక్కితే ఉన్న నంబరే వచ్చింది.

"ఆలస్యమైతే ఇంకోసారి నొక్కు అత్తమ్మా. రెండు టోకెన్లు రావు, ఉన్నదే కనిపిస్తది," అన్నాను.

"గడియల వస్తదని గొప్పలు చెప్పిన. ఇప్పుడు ఆగుమంటే నవ్వరా?" అంది. అయినా పోయి నలుగురికీ చెప్పి వచ్చింది.

సోమవారం అసలు సర్వర్ మొదలైంది. నేనూ పొలం పోయాను. గట్టు మీద ఐదుగురూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. చక్రం తిరుగుతోంది.

"ఏమాయె వదినె, గడియల అంటివి?" అంది పక్క పొలం ఆమె. "నీ కోడలి గడియారానికి ముల్లు లేనట్టున్నది!"

"జర ఆగవే. నీ మొగడు ఒక్క పిలుపుకే పలుకుతడా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. 'మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది. ఉన్నది పోతుందేమోనని ఎవరూ నొక్కడం లేదు. అత్తమ్మ నా వైపోసారి చూసి, నొక్కింది. చక్రం మళ్లీ తిరిగింది. ఆగి, ఆగి, నంబరు వచ్చింది. ఆమె దాన్ని గట్టిగా చదివి వినిపించాక మిగతావాళ్లూ నొక్కారు. ఒకరి తర్వాత ఒకరికి అందరికీ వచ్చాయి.

"ఉత్తుత్తిదే మంచిగుండె గద బిడ్డా," అంది అత్తమ్మ చెమట తుడుచుకుంటూ. "ఇంత పరేషాన్ చెయ్యకపోతుండె."

"అది బస్తా ఇయ్యదు అత్తమ్మా."

"గదీ నిజమే."

బస్తాలు తేవడానికి ఐదుగురూ కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడారు. ముందు సీట్లో ఎవరు కూర్చోవాలో తేలడానికి మాత్రం టోకెను కంటే ఎక్కువసేపే పట్టింది.